అద్దాలు కడిగే నీరు: శుద్ధి ఇంటి దగ్గరా, బండి మీదా?

ఎండకు వేడెక్కిన డాబా మీద నల్లటి అద్దం ముక్క ఒకటి పరిచి, దాని మీద పక్కపక్కనే మూడు నీటి చుక్కలు వేసి చూస్తే ఇక్కడ చర్చించబోయే విషయంలో సగం కంటికి కనిపిస్తుంది. మొదటిది బోరు నీటి చుక్క, రెండోది ఇరవై లీటర్ల క్యానులో ఇంటికి వచ్చే మంచినీటి చుక్క, మూడోది ఇన్వర్టరు బ్యాటరీలో పోసే, లవణాలు తీసేసిన డీఎం వాటరు చుక్క. తిరుపతి ఏప్రిల్ ఎండలో అవి ఆరిపోవడానికి ఎంతోసేపు పట్టదు. బోరు నీరు ఆరిన చోట సున్నంతో గీసినట్టు తెల్లటి వలయం మిగులుతుంది, దాని అంచు గోటికి తగులుతుంది. క్యాను నీరు ఆరిన చోట అద్దాన్ని ఏటవాలుగా పట్టుకుంటే తప్ప కనిపించని పలచటి మరక ఉంటుంది. మూడో చుక్క ఎక్కడ పడిందో వెతికినా దొరకదు.

రేణిగుంట రోడ్డు, తిరుచానూరు రోడ్డు వెంట లేచిన హోటళ్లు, ఆసుపత్రులు, షోరూముల ముందు భాగమంతా ఇప్పుడు అద్దమే. వాటిని సబ్బు నీళ్లతోనూ వైపరుతోనూ తుడవాలంటే నిచ్చెనో, తాడు కట్టిన ఊయల పీటో కావాలి. దీనికి బదులుగా, నేల మీదే నిలబడి పొడవాటి పోల్ చివర ఉన్న బ్రష్షులోంచి నీరు వదులుతూ రుద్ది, ఆ నీటితోనే కడిగేసి వదిలిపెట్టే పద్ధతి ఒకటి ఉంది. ఇందులో అద్దాన్ని తుడవరు, అది దానంతట అదే ఆరిపోతుంది. ఆరేటప్పుడు మరక మిగలకూడదంటే ఆ నీటిలో కరిగిన లవణం దాదాపు ఏమీ ఉండకూడదు. మనిషిని ఎత్తుకు ఎక్కించకుండా జరిగే పని కాబట్టి ఈ పద్ధతిని ఎవరైనా స్వాగతించాల్సిందే. అయితే దీని బరువంతా నీటి నాణ్యత మీదే పడుతుంది. ఆ నీటిని పనివాడు తన ఇంటి దగ్గర తయారుచేసి మోసుకెళ్లాలా, లేక శుద్ధి యంత్రాన్నే బండిలో బిగించుకుని పనిచేసే చోట తయారుచేసుకోవాలా అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

లెక్క సులువుగానే తెలుస్తుంది. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని టీడీఎస్ అంటారు, దాన్ని పీపీఎంలో, అంటే లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. టీడీఎస్ 1000 పీపీఎం ఉన్న నీరంటే లీటరుకు ఒక గ్రాము లవణం. చదరపు మీటరు అద్దం మీద, కారిపోయేది కారిపోగా, 50 మిల్లీలీటర్ల నీరు పొరలా నిలిచిందనుకుంటే, ఆరాక మిగిలే లవణం 50 మిల్లీగ్రాములు. అదే నీరు 10 పీపీఎం ఉంటే మిగిలేది అర మిల్లీగ్రాము మాత్రమే, అది కంటికి ఆనదు. అందుకే ఈ వృత్తిలో 10 దాటని నీటినే పనికొచ్చే నీరుగా లెక్కిస్తారు, సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ఐఎస్ 10500 ప్రమాణం టీడీఎస్‌ను 500 వరకు అంగీకరిస్తుంది, వేరే నీటి వనరు లేని చోట 2000 వరకు అనుమతిస్తుంది. అంటే తాగడానికి నిక్షేపంలా ఉన్న నీరు అద్దానికి పనికిరాదు.

ఇంత శుభ్రమైన నీటిని తయారుచేసే వరుస ఎక్కడైనా ఒకటే. ముందు ఇసుక, మట్టి, తుప్పు ఆపే సెడిమెంట్ ఫిల్టరు, తర్వాత క్లోరిన్‌ను పట్టే కార్బన్ ఫిల్టరు, ఆపైన ఒత్తిడితో నీటిని సన్నటి పొర గుండా నెట్టి లవణాల్లో నూటికి తొంభై అయిదు పాళ్లను వదిలించే ఆర్వో మెంబ్రేన్, చివరన మిగిలిన ఆ కాస్తనూ పీల్చే సన్నటి గుళికలు, అంటే మిక్స్‌డ్ బెడ్ రెజిన్. ఇంట్లో తాగునీటి యంత్రానికీ దీనికీ ముఖ్యమైన తేడా ఈ చివరి అంచెలోనే ఉంది. మరొక తేడాను చాలామంది గమనించరు. తాగునీటి ఆర్వోలలో రుచి కోసం శుద్ధి చేయని పచ్చి నీటిని కొంత తిరిగి కలిపే టీడీఎస్ వాల్వు ఉంటుంది, కొన్నింటిలో ఖనిజాలు కలిపే క్యాట్రిడ్జి కూడా ఉంటుంది. వాటిని మూసేయకుండా, తీసేయకుండా ఆ యంత్రాన్ని అద్దాల పనికి వాడితే, వదిలించిన లవణాన్ని చేతులారా మళ్లీ కలుపుకున్నట్టే అవుతుంది.

ఇంటి దగ్గరా, బండి మీదా అన్న వాదనలో ఎక్కువగా వినిపించే మాటలు బయటి దేశాల అనుభవం నుంచి వచ్చినవి. అక్కడి పట్టణాల్లో కుళాయి తిప్పితే రోజంతా ఒకే ఒత్తిడితో నీరు వస్తుంది. బండిలో మెంబ్రేన్ బిగించి, కస్టమరు ఇంటి కుళాయికి పైపు తగిలిస్తే ఆ ఒత్తిడికే మెంబ్రేన్ పనిచేస్తుంది, మోటారు కూడా అక్కర్లేదు. బండి మీది శుద్ధి యంత్రం ఆ ఏర్పాటుకు పుట్టిన బిడ్డ. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో నీరు ఇంటికి చేరే దారి అది కాదు. కార్పొరేషన్ నీరు గంటల లెక్కన వచ్చి సంపులో పడుతుంది, అక్కణ్నుంచి మోటారుతో పై ట్యాంకుకు ఎక్కుతుంది, పై ట్యాంకు నుంచి తన బరువుతో తానే కుళాయికి దిగుతుంది. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ఒత్తిడి అనే సూత్రం ప్రకారం, రెండంతస్తుల డాబా మీది ట్యాంకు నుంచి కింది కుళాయికి వచ్చే ఒత్తిడి ఆరేడు మీటర్ల ఎత్తుకు తగినదే, అంటే బార్‌కు తక్కువే. మెంబ్రేన్ సరిగా పనిచేయాలంటే కనీసం నాలుగు బార్లు ఉండాలి, ఉప్పు ఎక్కువైన కొద్దీ ఇంకా పెరగాలి. కాబట్టి ఇక్కడ బండి మీద ఆర్వో అంటే మెంబ్రేనుతో పాటు బూస్టరు మోటారు, ఆ మోటారుకు కరెంటు, ఆ కరెంటుకు కస్టమరు ప్లగ్గు లేదా బండిలో జనరేటరు అన్నీ తోడవుతాయి. దానితో, సులువు కోసం ఎంచుకున్న ఏర్పాటులోంచి ఆ సులువే జారిపోతుంది.

ఒత్తిడిని డబ్బు పెట్టి కొనవచ్చు. నీటిని కొనడం మాత్రం అంత తేలిక కాదు. ఈ ప్రాంతంలో చిన్న ప్లాంట్లవాళ్లు గంటకు 250 లీటర్ల యంత్రం అని పిలిచేది, నాలుగంగుళాల లావు, నలభై అంగుళాల పొడవున్న ఒక మెంబ్రేనుతో నడిచేది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న గట్టి బోరు నీటితో దాన్ని నడిపేటప్పుడు, మెంబ్రేన్ మీద సున్నం పేరుకోకుండా ఉండాలంటే లోపలికి వెళ్లిన నీటిలో నలభై శాతానికి మించి మంచి నీరు రాబట్టకపోవడమే క్షేమం. ఆ లెక్కన 500 లీటర్ల శుద్ధమైన నీరు కావాలంటే 1250 లీటర్ల నీరు లోపలికి వెళ్లాలి, 750 లీటర్లు వేస్టు పైపులోంచి బయటికి పోవాలి. చిత్తూరు పట్టణంలో వేసవి నాటికి ట్యాంకరు నీటితో నెట్టుకొచ్చే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంటి డాబా మీద వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు ఉందనుకుంటే, అద్దాలు కడగడానికి వచ్చిన మనిషి రెండు గంటల్లో దాన్ని పూర్తిగా ఖాళీ చేసి, అందులో అరవై శాతాన్ని వాళ్ల కళ్లముందే కాలువలోకి వదిలేస్తాడు. ఏ ఇల్లాలూ దాన్ని చూస్తూ ఊరుకోదు, ఊరుకోవాల్సిన అవసరమూ లేదు. సౌకర్యం, ఖర్చు వంటి మిగతా అంశాలన్నీ దీని తర్వాతే చూడాలి.

ఇంటి దగ్గరైనా ఆ 750 లీటర్లు వేస్టు అయ్యేవే కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. తేడా ఏమిటంటే ఇంటి దగ్గర ఆ నీటిని పట్టి ఉంచడానికి ఇంకో ట్యాంకు పెట్టుకోవచ్చు. మరుగుదొడ్లలో పోయడానికి, నేల కడగడానికి, బండి టైర్లూ అడుగు భాగమూ కడగడానికి ఆ నీరు బాగానే పనికొస్తుంది. మొక్కలకు పోయడం మాత్రం మంచిది కాదు. 1000 పీపీఎం నీటిలో నలభై శాతాన్ని శుభ్రమైన నీరుగా తీసేస్తే మిగిలిన నీటిలో ఉప్పు 1600 దాటుతుంది, దాన్ని ఏళ్ల తరబడి ఒకే చోట పోస్తే ఆ నేల చౌడు బారుతుంది. 2019 మే నెలలో జాతీయ హరిత ట్రిబ్యునల్, ఆర్వో యంత్రాలు లోపలికి తీసుకున్న నీటిలో కనీసం 60 శాతాన్ని మంచి నీరుగా తిరిగి ఇచ్చేలా చూడాలని, టీడీఎస్ 500 కన్నా తక్కువ ఉన్న చోట వాటి వాడకాన్ని నిషేధించాలని కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది. ఆ ఆదేశం తాగునీటి యంత్రాల గురించి వచ్చినదే అయినా, దాని వెనకున్న ఆందోళన ఈ వృత్తికీ వర్తిస్తుంది. ముందు ఒక చిన్న సాఫ్ట్‌నర్ పెట్టుకుని నీటి గట్టిదనాన్ని తగ్గిస్తే 60 శాతం దాకా రాబట్టడం అసాధ్యం కాదు. ఆ సాఫ్ట్‌నరుకు ఉప్పు, స్థలం, శ్రద్ధ కావాలి కాబట్టి అది బండిలో ఇమిడేది కాదు, ఇంటి దగ్గరే సాధ్యం.

ఏ నీటితో మొదలుపెడుతున్నామన్నది మూడో విషయం. తిరుమల కొండ అంచున, ఘాట్ రోడ్డు పక్కన, కింద గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు కలిసే గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అన్న పేరుతో దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. నీటి సంగతి తెలుసుకోవాలనుకునేవారికి ఆ గీత మంచి పాఠం. పైనున్న క్వార్ట్‌జైటు నీటిలో కరగడం చాలా అరుదు, అందుకే కొండల మీద కురిసి డ్యాముల్లో చేరే వాన నీటిలో ఉప్పు తక్కువగా ఉంటుంది. కిందనున్న గ్రానైటు నేలలో లోతైన బోరు నీరు ఏళ్ల తరబడి రాతి పగుళ్లలో నిలిచి ఉండి కాల్షియం, మెగ్నీషియం, బైకార్బనేటు, సిలికా, కొన్ని చోట్ల ఫ్లోరైడు కూడా కరిగించుకుని పైకి వస్తుంది. తిరుపతి నగరానికి కల్యాణి డ్యాం నీరూ, కండలేరు నుంచి తెలుగుగంగ నీరూ అందుతాయి. ఒకే వీధిలో ఒక ఇంట్లో కార్పొరేషన్ నీరు, పక్కింట్లో బోరు నీరు, దాని పక్కన రెండూ కలిసిన సంపు ఉండడం ఇక్కడ మామూలే.

బండి మీద శుద్ధి చేసుకునేవాడు రోజుకో నీటిని ఎదుర్కొంటాడు. ఉదయం 300 పీపీఎం నీటికి పనికొచ్చిన మెంబ్రేనుకు మధ్యాహ్నం 1500 పీపీఎం నీరు తగిలితే, శుభ్రమైన నీరు తగ్గుతుంది, దానిలో మిగిలే ఉప్పు అయిదు రెట్లవుతుంది, రెజిన్ అంతే వేగంగా అరిగిపోతుంది. ట్యాంకరు నీటిలోనో, కొత్తగా కడిగిన సంపులోనో బ్లీచింగ్ పౌడరు ఎక్కువగా ఉంటే ప్రమాదం ఇంకా పెద్దది. ఇప్పుడు దొరికే మెంబ్రేన్లు క్లోరిన్‌ను ఏమాత్రం తట్టుకోలేవు, కార్బన్ ఫిల్టరు అరిగిపోయి ఉంటే మెంబ్రేన్ పొర దెబ్బతిని మళ్లీ బాగుపడదు. ఇంటి దగ్గరైతే నీరు ఒకటే. దాని గట్టిదనం ఎంతో, బోరు ఎప్పుడు మారుతుందో, కార్బన్ ఎన్నాళ్లకు మార్చాలో రెండు మూడు నెలల్లో తెలిసిపోతుంది. ఈ వృత్తిలో నిలకడకున్న విలువ కొత్తగా దిగినవారికి అర్థం కావడానికి కొంత కాలం పడుతుంది.

ఇక ఎండ విషయం. మెంబ్రేన్ సామర్థ్యాన్ని కంపెనీలు 25 డిగ్రీల నీటి దగ్గర లెక్కగట్టి చెబుతాయి. అంతకన్నా వేడెక్కితే నీరు ఎక్కువగా వస్తుంది కానీ దానితో పాటు ఉప్పు కూడా ఎక్కువగా జారుతుంది. సాధారణ మెంబ్రేన్లకు పరిమితి 45 డిగ్రీలు. మే నెలలో తిరుపతిలో గాలే 42 డిగ్రీలు దాటే రోజులుంటాయి, డాబా మీది నల్ల ట్యాంకులో మధ్యాహ్నం నీరు చేతికి చురుక్కుమంటుంది. ఆ ట్యాంకు నీటిని, ఎండలో నిలబెట్టిన మూసిన బండిలోని మెంబ్రేనుకు ఎక్కించడమంటే దాని ఆయుష్షును చేజేతులా తగ్గించుకోవడమే. ఆదివారమంతా బండి ఎండలో ఆగి ఉంటే, తడి మెంబ్రేనులో నిలిచిన వెచ్చటి నీటిలో సూక్ష్మజీవులు పెరిగి జిగట పొర కట్టే ప్రమాదమూ ఉంది. ఇంటి దగ్గర రాత్రి పదింటికి, సంపులోని చల్లటి నీటితో యంత్రాన్ని నడిపితే ఈ రెండు బాధలూ ఉండవు. ఇది లెక్కల కాగితం మీద కనిపించదు కానీ మెంబ్రేన్ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది.

ఇంటి దగ్గరి ఏర్పాటుకూ చిక్కులు లేకపోలేదు. అందులో మొదటిది బరువు. లీటరు నీరంటే కిలో. బ్రష్షులోంచి నిమిషానికి రెండు లీటర్లు పోతాయనుకుంటే, రోజులో బ్రష్షు నిజంగా అద్దం మీద ఉండే నాలుగు గంటలకు 480 లీటర్లు కావాలి. అంటే 500 లీటర్ల ట్యాంకు, అర టన్ను. టాటా ఏస్ లాంటి చిన్న బండి మోయగలిగేది ముప్పావు టన్ను చుట్టూ ఉంటుంది. ట్యాంకు, పైపు చుట్ట, బ్యాటరీ, పంపు, పోళ్లు, పక్కన కూర్చునే మనిషి కలిస్తే బండి పూర్తి బరువుకు వచ్చేసినట్టే. చిన్న ఓమ్ని, ఈకో బండ్లలో ఇంత ట్యాంకు పెట్టడం ప్రమాదం. ట్యాంకు నిండుగా ఉన్నప్పటి కన్నా సగం ఖాళీ అయినప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే బ్రేకు వేసినప్పుడు నీరంతా ఒక్కసారిగా ముందుకు, మలుపులో పక్కకు ఎగదన్నుతుంది. లోపల అడ్డుపలకలున్న ట్యాంకును ఎంచుకుని, దాన్ని యాక్సిల్ మీదకు వచ్చేలా పెట్టి, బండి ఫ్రేముకు గట్టి బెల్టులతో బిగించాలి. తాడుతో కట్టిన ట్యాంకును ఏ పరిస్థితిలోనూ నమ్మకూడదు.

బండిలో యంత్రం పెడితే ఈ బరువు తప్పుతుందని చెబుతారు, అది సగమే నిజం. గంటకు 250 లీటర్ల యంత్రం నిమిషానికి ఇచ్చేది నాలుగు లీటర్లు. ఒక్క బ్రష్షుకు అది చాలు, రెండు బ్రష్షులు నడిస్తే సరిగ్గా సరిపోతుంది. కానీ కరెంటు పోయినా, నీటి ఒత్తిడి తగ్గినా పని ఆగకూడదంటే వంద, నూట యాభై లీటర్ల నిల్వ ట్యాంకు ఎలాగూ ఉండాలి. ఫ్రేము, మోటారు, ఫిల్టరు గిన్నెలు, మెంబ్రేను గొట్టం కలిపి ఇంకొంత బరువు. పైగా బండిలో ఏదైనా శాశ్వతంగా బిగిస్తే అది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెప్పే మార్పుల కిందికి వస్తుందో లేదో రవాణా శాఖ దగ్గర ముందే తేల్చుకోవాలి. బెల్టులతో కట్టిన ట్యాంకు సరుకు లాంటిది, దించేయవచ్చు.

తిరుమల మీద పని దొరికినవారికి ఈ బరువు లెక్క ఇంకా పదునుగా తగులుతుంది. ఎక్కేది 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు. అర టన్ను నీటితో ఎక్కేటప్పుడు ఇంజనుకు భారం, దిగేటప్పుడు మిగిలిన నీటితో మలుపుల్లో బ్రేకులకు భారం. పైన పని అయ్యాక ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి దిగడమే సురక్షితం. ఇంకా మంచి దారి, నీటిని మోయకుండా రెజిన్‌ను మాత్రమే మోసుకెళ్లడం. కొండ మీది నీరు పాపవినాశనం, గోగర్భం, కుమారధార, పసుపుధార వంటి డ్యాముల వాన నీరే కాబట్టి అందులో ఉప్పు తక్కువ. టీడీఎస్ మీటరుతో చూసుకుని వందలోపు ఉంటే ఆర్వో లేకుండా సెడిమెంట్, కార్బన్, రెజిన్‌తోనే పని సాగుతుంది, చుక్క నీరు కూడా వేస్టు పోదు. కొండ మీద నీటి విలువ తెలిసినవారికి ఈ చివరి మాట ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు.

రెజిన్ ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో చెప్పే లెక్క ఒకటి ఉంది. లీటరు మిక్స్‌డ్ బెడ్ రెజిన్ వాడకంలో సుమారు 20 గ్రాముల లవణాన్ని పట్టగలదని అనుకుందాం. 1000 పీపీఎం బోరు నీటిని నేరుగా దానిలోకి పంపితే, లీటరు రెజిన్‌కు 20 లీటర్ల నీరు మాత్రమే వస్తుంది. 25 లీటర్ల రెజిన్ ఉన్న సిలిండరు ఒక రోజు పనితో, అంటే 500 లీటర్లతో అయిపోతుంది. అది దివాలా తీసే దారి. అదే బోరు నీటిని ఆర్వో గుండా పంపి 50 పీపీఎంకు దించాక రెజిన్‌కు ఇస్తే ఆ సిలిండరే 10,000 లీటర్లు, అంటే ఇరవై పనిదినాలు నిలుస్తుంది. బోరు నీటిలోని బైకార్బనేటు వల్ల పుట్టే కార్బన్ డయాక్సైడు మెంబ్రేను గుండా దూరిపోయి రెజిన్ మీద పడుతుంది కాబట్టి నిజంగా వచ్చేది ఈ లెక్క కన్నా కొంత తక్కువే ఉంటుంది.

వీధి చివరి వాటర్ ప్లాంటు నుంచి నీరు కొనుక్కుని రెజిన్‌లో పంపడం మొదలుపెట్టేవారికి మంచి దారే. ప్లాంటువాళ్లు రుచి కోసం పచ్చి నీరు కలపకముందు వచ్చే ఆర్వో నీటిని ట్యాంకులో నింపి ఇమ్మని అడగవచ్చు, మీటరు ముంచి చూసుకుని డబ్బు ఇవ్వవచ్చు. సొంత ఆర్వో పెట్టుబడి లేకుండానే వ్యాపారం నిలుస్తుందో లేదో ఆరు నెలలు చూసుకోవడానికి ఇది వీలిస్తుంది. ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఇంటి డాబా మీది వాన నీరు ఇంకా మెరుగైనది. మొదటి వానల మురికిని వదిలేసి ఆ తర్వాతి నీటిని పడితే టీడీఎస్ తరచుగా 20, 30 మించదు, అదే సిలిండరు మీద దాదాపు రెట్టింపు నీరు వస్తుంది. ఆ నెలల్లో సొంత యంత్రానికి కూడా విశ్రాంతి దొరుకుతుంది.

సిలికా గురించి ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే గ్రానైటు బోరు నీటితో పనిచేసేవారు ఎక్కువగా మోసపోయేది దీని దగ్గరే. పెన్ను లాంటి టీడీఎస్ మీటరు నీటిలో విద్యుత్తు ఎంత తేలిగ్గా ప్రవహిస్తుందో కొలిచి దాన్ని పీపీఎంగా చూపిస్తుంది. మామూలు నీటిలో సిలికా చాలావరకు విద్యుదావేశం లేకుండా కరిగి ఉంటుంది కాబట్టి మీటరుకు అది కనపడదు. రెజిన్ అరిగిపోయేటప్పుడు మొదట వదిలేసేది కూడా సిలికానే. అందుకే మీటరు ఇంకా 4, 5 చూపిస్తుండగానే అద్దం మీద గీరినా పోని సన్నటి మచ్చలు మొదలవుతాయి, కస్టమరు ఫోన్ చేస్తాడు, పనివాడు మీటరు చూపించి వాదిస్తాడు. ఈ ప్రాంతపు బోరు నీటి మీద ఆధారపడేవారు 10 వచ్చేదాకా ఆగకుండా, మీటరు సున్నా నుంచి కదలడం మొదలైన వారంలోనే రెజిన్ మార్చడం మేలు. బండి కదలకముందు నల్ల అద్దం ముక్క మీద నాలుగు చుక్కలు ఆరబెట్టి చూడటం మీటరు కన్నా నమ్మకమైన పరీక్ష. మీటరును కూడా ప్లాంటు దగ్గర కాదు, పోల్ చివర బ్రష్షులోంచి వచ్చే నీటిలో ముంచి చూడాలి. ట్యాంకులో పెరిగిన నాచూ, పాత పైపులోని మురికీ తెలిసేది అక్కడే.

ఇవన్నీ కలిపి చూస్తే ఇక్కడి పరిస్థితులకు తగిన ఏర్పాటు రెండింటి కలయికే. ఆర్వో ఇంటి దగ్గర, రాత్రిపూట, ఒకే నీటితో నడవాలి. తయారైన నీరు వెలుతురు చొరబడని ట్యాంకులో బండెక్కాలి. రెజిన్ సిలిండరు మాత్రం బండిలో, పంపుకూ పైపుకూ మధ్యన ఉండాలి. ఇలా చేస్తే ట్యాంకులో నీరు ఏ కొంచెం పాడైనా చివరి అంచెలో శుభ్రపడుతుంది, నీరు అయిపోయిన రోజున దగ్గర్లోని ప్లాంటు నీటినో, ఉప్పు తక్కువున్న కార్పొరేషన్ నీటినో నింపుకుని పని ముగించుకోవచ్చు. పంపు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి కస్టమరు ఇంట్లో ప్లగ్గూ కుళాయీ ఏదీ అడగనక్కర్లేదు. అలా ఏమీ అడగకుండా వచ్చి పనిచేసి వెళ్లే మనిషిని రెండోసారి పిలుస్తారు.

అద్దె ఇంట్లో ఉండేవారికి ఇది చెప్పినంత సులువు కాదన్నది ఒప్పుకోవాలి. తిరుపతిలో చాలా ఇళ్లలో సంపు అందరికీ ఉమ్మడిది, రాత్రి పదింటికి మోటారు మోగితే పై వాటావాళ్లు దిగి వస్తారు. వ్యాపారానికి వాడే కరెంటును ఇంటి మీటరు మీద నడపడం విద్యుత్ పంపిణీ సంస్థ నిబంధనలకు విరుద్ధం, వేరే కమర్షియల్ సర్వీసు తీసుకోవాలి. ఒక్క హార్స్‌పవరు మోటారు గంటకు ముప్పావు యూనిట్ చుట్టూ వాడుతుంది కాబట్టి భారం కరెంటు బిల్లుది కాదు, అనుమతులది. అలాంటివారు రెండు చిన్న ఇంటి ఆర్వోలను పక్కపక్కనే బిగించుకోవచ్చు. రోజుకు మూడు వందల లీటర్ల చొప్పున అని వాటి మీద రాసి ఉన్నా, గట్టి నీటితో వచ్చేది అందులో సగమే అనుకుని పని ఒప్పుకోవాలి. అవి శబ్దం లేకుండా, రాత్రీ పగలూ నెమ్మదిగా నడుస్తాయి.

బండి మీది పూర్తి శుద్ధి యంత్రానికి ఇక్కడ కూడా తగిన చోట్లు కొన్ని ఉన్నాయి. సత్యవేడు దగ్గరి శ్రీసిటీలోని కర్మాగారాలు, పెద్ద హోటళ్లు, విద్యాసంస్థల ప్రాంగణాల వంటి చోట్ల పని నాలుగైదు రోజులు వరసగా సాగుతుంది, రోజుకు 500 లీటర్లు ఏ మూలకూ సరిపోవు, తిరుపతి నుంచి అంత దూరం నీరు మోయడం అర్థం లేని పని. అటువంటి పెద్ద ప్రాంగణాల్లో తరచుగా మోటారు ఒత్తిడితో నడిచే సొంత నీటి లైను ఉంటుంది, చాలాచోట్ల సాఫ్ట్‌నర్ కూడా ఉంటుంది, వేస్టు నీటిని చేర్చుకుని తోటలకో కూలింగ్ టవర్లకో పంపే మురుగుశుద్ధి ప్లాంటు ఉంటుంది. అయితే అక్కడ కూడా పని ఒప్పుకునే ముందే నీటి నమూనాను సీసాలో తెచ్చుకుని పరీక్షించాలి, గంటకు ఎన్ని లీటర్లు తీసుకుంటారో, అందులో ఎన్ని లీటర్లు బయటికి పోతాయో, ఆ నీరు ఏ గొట్టంలోకి వెళ్లాలో మెయింటెనెన్స్ ఇంజనీరుతో మాట్లాడి కొటేషను కాగితం మీదే రాయించుకోవాలి.